సమష్టి నృత్యమూ, నర్తకుని అన్నమూ
(అల్మోరా నుంచి అంధేరీ దాకా)

నృత్యకళను గురించి మన భాషలో వచ్చిన వ్యాసాలలో అధికభాగం రెండు విషయాలకే పరిమితమయ్యాయి. ఒకటి శాస్త్రచర్చ. ఏ కరణం ఏ గోపురం మీద చెక్కి ఉంది, ఏ అడుగు ఏ లక్షణ గ్రంథానికి అనుగుణం అన్నది దాని విచారణ. రెండవది వ్యక్తి ప్రశంస. ఫలానా విద్వాంసుడు, ఆయన గురుపరంపర, ఆయన పొందిన బిరుదులు, కప్పించుకున్న శాలువలు. ఈ రెంటి నడుమా ఒక ప్రశ్న మరుగున పడిపోయింది. నర్తకులు ఎలా బతికారు? ఎవరు పెట్టిన అన్నం తిని ఆడారు? ఆ అన్నం పెట్టినవాడు ఏ ఆట కోరాడు?

ఈ ప్రశ్న మిగతా కళలకంటె నృత్యం విషయంలో తీవ్రమైనది. కవి పగలంతా గుమాస్తాగిరీ చేసి రాత్రిపూట పద్యం రాయగలడు. అలా రాసినవారు మనలో ఎందరో ఉన్నారు. నర్తకునికి పనిముట్టు శరీరమే. దానికి ప్రతిదినం గంటల కొద్దీ సాధన కావాలి, కడుపునిండా తిండి కావాలి, విశ్రాంతి కావాలి. పైగా ఆ పనిముట్టు ఆయుర్దాయం తక్కువ. ఇక ఇరవైమంది కలిసి ఆడే నృత్యమైతే ఆ ఇరవైమందీ నెలల తరబడి ఒకేచోట ఉండాలి. ఒకడు ఉద్యోగానికి పోతే వరుస చెడుతుంది. అందుచేత సమష్టి నృత్యం అనేది రంగస్థలం మీద సౌందర్య సమస్య కాకముందే వంటింట్లో ఆర్థిక సమస్య అవుతుంది.

మన దేశంలో ఆధునిక సమష్టి నృత్యం, సామాన్యంగా బాలే అని పిలుస్తున్నది, సుమారు 1938కీ 1954కీ మధ్య రూపుదిద్దుకున్నది. హిమాలయాలలో అల్మోరా, బొంబాయి శివార్లలో అంధేరీ, తర్వాత బొంబాయిలోనే ఒక చిన్న బృందం: ఇవి దాని మూడు మజిలీలు. ఈ మూడింటిలోనూ తిరిగి తిరిగి అవే పేర్లు కనిపిస్తాయి. మారినది అన్నం పెట్టిన చెయ్యి. ఆ చెయ్యి మారినప్పుడల్లా నృత్యం మారింది. కనుక ఈ చరిత్రను అభ్యుదయ సాంస్కృతికోద్యమం తన సొంత చరిత్రలో భాగంగా పరిశీలించుకోవలసిన అవసరం ఉంది.

1

కలిసి ఆడి కలిసి బతకడం మనకు కొత్త కాదు. దానికి మేళం అనే చక్కని మాట తెలుగులో ఉన్నది. కృష్ణాజిల్లా కూచిపూడి భాగవతులు మేళం కట్టి ఊరూరా తిరిగారు. భామాకలాపం, గొల్లకలాపం, యక్షగానాలు ఆడారు. పిల్లవాడు చిన్న వేషంతో మేళంలో చేరి, ఆడవేషాలు కట్టి, వయసు మళ్లిన తర్వాత తాళం పట్టి నట్టువాంగం చెప్పేవాడు. మేళమే వానికి బడి, మేళమే ఉద్యోగం, మేళమే వృద్ధాప్యంలో ఆసరా. వచ్చిన సంభావన వాటాలుగా పంచుకొనేవారు. పేరుపొందిన వేషగానికైనా పక్కన నిలబడే వంతగాడు లేకపోతే ఆట లేదు.

ఐతే ఈ సమష్టికి రెండు గోడలున్నాయి. ఒక గోడ కులం. మేళంలో ప్రవేశం అగ్రహారపు బ్రాహ్మణ కుటుంబాలకే. రెండవ గోడ స్త్రీ. సత్యభామ జడ వెయ్యవలసింది పురుషుడే. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి మహానటులు ఆ పరిమితిలోనుంచే అపూర్వమైన కళ సాధించారన్నది నిజమే. కాని పరిమితి పరిమితే.

అదే తెలుగుదేశంలో మరొక మేళం ఉండేది. గోదావరి జిల్లాల్లోనూ ఇతరత్రానూ కళావంతుల స్త్రీలు తమ మేళాలు తామే నడిపారు. పదాలకు, జావళీలకు, అధ్యాత్మ రామాయణ కీర్తనలకు వారు పట్టిన అభినయం ఒక తరగని ఆస్తి. ఆ కళ జమీందారు పెళ్లిపందిరి మీదా దేవాలయ మాన్యాల మీదా బతికింది. భూస్వామ్య వ్యవస్థ కళకు కూలి ఇస్తూ, కూలితోపాటు కళాకారిణి శరీరంపై పెత్తనాన్ని కూడా కోరింది. సంఘసంస్కరణోద్యమం ఈ దురాచారంపై పోరాడింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. దురాచారాన్ని నిషేధించవలసిందే. కాని ఆ స్త్రీల చేతిలోని విద్యకు చట్టం మరొక జీవనాధారం చూపించలేదు. పెత్తనంతోపాటు కూలి కూడా పోయింది. అదే విద్య కొద్ది సంవత్సరాల్లోనే గౌరవనీయ కుటుంబాల బాలికల చేత సభామందిరాల్లో చప్పట్లు కొట్టించింది.

ఈ విధంగా పాత మేళాలలో ఒకటి కులం గోడల మధ్య నిలిచింది. రెండవది చట్టం కింద చితికింది. కులంతో, పుట్టుకతో నిమిత్తం లేకుండా, స్త్రీ పురుషులు కలిసి నేర్చుకొని కలిసి ఆడే మేళం మన సమాజంలో అప్పటికి లేదు. దానిని మొదట ఊహించినవాడు ఉదయశంకర్.

2

ఉదయశంకర్ 1900లో ఉదయపూర్‌లో జన్మించారు. చిత్రకళ నేర్వడానికి లండన్ వెళ్లారు. 1923లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బృందంలో రాధాకృష్ణుల నృత్యం కూర్చి ఆమెతో ఆడారు. ఆ తర్వాత సొంత బృందాన్ని సమకూర్చుకొని 1931లో పారిస్‌లో ప్రదర్శన ఇచ్చారు. అక్కడినుంచి ఆ దశాబ్దమంతా ఐరోపా, అమెరికా ఖండాల్లో తిరిగారు. ఆయన ఏ ఒక్క శాస్త్రీయ సంప్రదాయంలోనూ చిన్ననాటినుంచి శిక్షణ పొందినవారు కారు. సనాతనులు దీనిని లోపంగా ఎంచారు. చారిత్రకంగా చూస్తే ఇది ఆయనకు ఒక స్వేచ్ఛ. ఏ కులవృత్తి సంకెళ్లూ ఆయన కాళ్లకు లేవు.

1938 ప్రాంతంలో ఆయన విదేశీయాత్రలు చాలించి, అల్మోరా సమీపాన సింతోలా కొండమీద ఒక సాంస్కృతిక కేంద్రం నెలకొల్పారు. ఆ కేంద్రంలో బోధించినవారి పేర్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి బాలసరస్వతి గురువైన కందప్ప పిళ్లై, మణిపురికి అమోబీసింగ్, సంగీతానికి ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్. ఎన్నడూ ఒక పందిరికింద కూర్చోని సంప్రదాయాలు అక్కడ ఒకే భోజనశాలలో కూర్చున్నాయి. విద్యార్థులు దేశం నలుమూలలనుంచీ వచ్చారు. జోహ్రా సెహగల్ అక్కడ పాఠాలు చెప్పారు. తర్వాత చలనచిత్ర దర్శకుడైన గురుదత్ అక్కడ విద్యార్థి. శాంతాగాంధీ, నరేంద్రశర్మ, సచిన్‌శంకర్ అక్కడే తయారయ్యారు.

బోధనాపద్ధతి కూడా గమనించదగినది. విద్యార్థులంతా కలిసి నడవడం నేర్చుకొనే తరగతి ఉండేది. తోచిన కదలికను అప్పటికప్పుడు అల్లే తరగతి ఉండేది. ఒకరి కదలికను మరొకరు పరిశీలించి చెప్పవలసి ఉండేది. గురువు చూపించింది శిష్యుడు అనుకరించే పాతపద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. ఫలితం నృత్యాల్లో కనిపించింది. 'లేబర్ అండ్ మెషినరీ' అనే నృత్యనాటకంలో మనుషుల శరీరాలే చక్రాలై, కడ్డీలై, ఇరుసులై యంత్రాన్ని కడతాయి. దేవతల కథలకు అలవాటుపడ్డ భారతీయ నృత్యంలో కర్మాగారం ప్రవేశించింది. అది ఒకే నాయకుడు, ఒకే నాయిక ఆడగలిగిన ఆట కాదు. యంత్రంలో ప్రతి అవయవమూ అవసరమే. కలిసి నడక నేర్చినవారే ఆ యంత్రాన్ని కట్టగలరు.

అల్మోరా ప్రజల కోసం కేంద్రంవారు నీడబొమ్మల పద్ధతిలో రామలీల ప్రదర్శించారు. పెద్ద తెల్లని తెర వెనక నర్తకులు ఆడుతూ ఉంటే నీడలు తెరమీద పడతాయి. తోలుబొమ్మలాట చూస్తూ పెరిగిన మన పల్లెవారికి ఈ ఊహ దగ్గరగానే ఉంటుంది. కొండప్రాంతపు జనం వేలకొద్దీ వచ్చి చూశారు.

ఇంతటి కేంద్రం 1944 నాటికే మూతపడింది. ఎందుచేత? దాని అన్నం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే కారణం తెలుస్తుంది. ఇంగ్లండులో డార్టింగ్టన్ సంస్థ నడిపిన ఎల్మ్‌హర్స్ట్ దంపతులు, మరికొందరు సంపన్నులు, సంస్థానాధీశులు ఇచ్చిన విరాళాలు దాని మూలధనం. విదేశీయాత్రల ఆదాయం దానికి తోడు. 1939లో ప్రపంచయుద్ధం వచ్చింది. యాత్రలు ఆగిపోయాయి. విరాళాల దారి ఇరుకైంది. ధరలు పెరిగాయి. కేంద్రానికి చుట్టుపక్కల ఊళ్లతో గాని, కార్మిక సంఘాలతో గాని, రైతులతో గాని జీవనసంబంధం లేదు. నీడరామాయణం చూసిన వేలాది జనం ప్రేక్షకులే కాని పోషకులు కారు. సంపన్నుని దయ ఎంత ఉదారమైనదైనా అది దయే. దాత చెయ్యి వెనక్కు తీసుకొన్ననాడు కళాకారుడు నిలదీయడానికి హక్కుండదు.

ఉదయశంకర్ తన స్వప్నాన్ని మద్రాసులో జెమినీ స్టూడియోలో చలనచిత్రంగా తీసి 1948లో 'కల్పన' పేరుతో విడుదల చేశారు. ఆ చిత్రంలో ఒక నర్తకుడు కళాకేంద్రం కట్టడానికి ధనవంతుల గుమ్మాలు ఎక్కి దిగుతాడు. అల్మోరా అనుభవాన్ని అంత సూటిగా చెప్పిన పత్రం మరొకటి లేదు.

3

అల్మోరా మూతపడుతున్న కాలంలోనే దేశంలో మరొక దారి తెరుచుకున్నది. 1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజానాట్యసంఘం, ఇప్టా, ఏర్పడింది. ఆ ఏడే వంగదేశంలో కరువు. సుమారు 30 లక్షలమంది మరణించారని అంచనా. వినయ్‌రాయ్ నాయకత్వాన బెంగాలు కళాకారుల బృందం పాటలతో, ఆటలతో ఇతర రాష్ట్రాలు తిరిగి కరువు బాధితులకోసం విరాళాలు వసూలు చేసింది. ఈ యాత్ర ఒక సత్యాన్ని రుజువు చేసింది. సామాన్యజనం తమ జీవితాన్ని రంగస్థలంమీద చూసినప్పుడు జేబులో ఉన్న అణా కూడా ఇస్తారు.

ఈ అనుభవంమీద 1944లో ఇప్టా కేంద్రదళం ఏర్పడింది. కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషీ ప్రోత్సాహం దీనికి వెన్నెముక. అంధేరీలో ఒక బంగళా వారి నివాసం. నృత్య నిర్దేశకుడు శాంతిబర్ధన్. ఆయన త్రిపుర, మణిపురి నృత్యాలు నేర్చి అల్మోరాలో పనిచేసినవారు. అల్మోరానుంచే శాంతాగాంధీ వచ్చారు. 1945లో సంగీతం సమకూర్చడానికి రవిశంకర్ వచ్చారు. అవనీ దాస్‌గుప్తా సంగీతంలో తోడ్పడ్డారు. చిత్తప్రసాద్ వంటి చిత్రకారుడు రంగాలంకరణలో పాల్గొన్నారు. గుల్ ఝవేరీ, తర్వాత గుల్‌బర్ధన్, గుజరాతీ యువతి. దీనాగాంధీ, అనంతరకాలంలో దీనాపాఠక్, కూడా గుజరాతీ. రేబారాయ్ చౌధురీ, ఉషాదత్ బెంగాలీలు. ప్రేమ్‌ధావన్ పంజాబీ. అప్పుణ్ణి కర్తా మలబారువారు. అప్పటికి వీరిలో చాలామంది ఇరవైల్లో ఉన్నవారు. కొందరికి నృత్యంలో పూర్వ శిక్షణ లేదు. ఉద్యమంకోసం వచ్చి నర్తకులైనవారే ఎక్కువ.

అంధేరీలో జీవితం కమ్యూన్ జీవితం. తిండి, వసతి, చేతిఖర్చులకు కొద్దిపాటి పైకం. ఉదయం వ్యాయామం, నృత్యసాధన, పాట, రాజకీయ పాఠాలు. గదులు ఊడవడం, దుస్తులు కుట్టుకోవడం, సామాను రైలెక్కించడం అందరిపనీ. మధ్యతరగతి ఇంటి ఆడపిల్ల సభలో ఆడితే కుటుంబం తలవంచుకొనే రోజులవి. అలాంటి కాలంలో యువతులు తల్లిదండ్రుల గడప దాటివచ్చి పురుషులతో సమానంగా ఒకే ఇంట శ్రమించి ఒకే రంగస్థలంమీద ఆడారు. కూచిపూడి మేళానికి లేనిదీ, కళావంతుల మేళానికి దక్కనిదీ ఇక్కడ సాధ్యమైంది. స్త్రీ తన శరీరాన్ని ఎవరి దయకూ తాకట్టు పెట్టకుండా నర్తకి కాగలిగింది. ప్రజాతంత్ర సాంస్కృతికోద్యమం సాధించిన విజయాలలో దీనిని మొదటివరుసలో చెప్పుకోవాలి.

దళం తయారుచేసిన రెండు పెద్ద ప్రదర్శనలు 'స్పిరిట్ ఆఫ్ ఇండియా', 'ఇండియా ఇమ్మోర్టల్'. మొదటిది సామ్రాజ్యవాద పాలన, కరువు, దొంగనిల్వల వ్యాపారి, ప్రజల ఐక్యత ఇతివృత్తంగా వ్యాఖ్యానంతో నడిచింది. రెండవది దేశచరిత్రనే నృత్యంగా చెప్పబూనింది. వీటితోపాటు చిన్న నృత్యాలు ఉండేవి. డప్పుపిలుపుతో మొదలయ్యే నృత్యం, మన హైదరాబాదు ప్రాంతపు లంబాడీ నృత్యం, 1944లో విఫలమైన గాంధీ జిన్నా సంభాషణలు తిరిగి జరగాలని కోరే నృత్యం. రవిశంకర్ 'సారే జహాఁసే అచ్ఛా' గీతానికి ఇప్పుడు దేశమంతా పాడే వరుస కట్టింది 1945లో, ఈ దళంలో ఉన్నప్పుడే.

ఇతివృత్తాలకంటె రూపం ముఖ్యంగా గమనించాలి. ఈ నృత్యాలలో నాయకుడు లేడు. గుంపే నాయకుడు. రంగస్థలంమీద కరువు వచ్చినప్పుడు ఒక తార విలపించదు. ఒక ఊరు కూలిపోతుంది. అల్మోరాలో సమష్టి నృత్యం ఉన్నా దాని కేంద్రంలో ఉదయశంకర్ మూర్తి ఉండేది. ప్రేక్షకులు ఆయనను చూడడానికే వచ్చేవారు. అంధేరీలో ఆ కేంద్రం కరిగిపోయింది. జీతం సమానమైనచోట వేషాలలో హెచ్చుతగ్గులు కూడా తగ్గుతాయి. ఇది యాదృచ్ఛికం కాదు. జీవనవిధానమే ఇక్కడ కళారూపమైంది.

4

కేంద్రదళం ఆయుర్దాయం రెండేళ్లు దాటి ఎంతో సాగలేదు. 1946 గడిచేసరికి అది చెదిరిపోయింది. 1948లో కలకత్తాలో జరిగిన పార్టీ రెండవ మహాసభ జోషీని తొలగించి రణదివేను ఎన్నుకొన్నది. దేశమంతటా నిర్బంధం పెరిగింది. ఇప్టా దెబ్బతిన్నది. అందుచేత కేంద్రదళం కూడా ఆ అతివాద విధానానికి బలి అయిందని చెప్పుకోవడం పరిపాటి. తేదీలు దీనికి అనుకూలించవు. దళం చెదిరింది అంతకుముందే. కనుక కారణాలు మరికొంత లోతున ఉన్నాయి.

మొదటి కారణం ఖర్చు. దీపాలు, దుస్తులు, వాద్యబృందం, ఇంతమందికి రైలు చార్జీలు ఉన్న ప్రదర్శన పట్టణంలో నాటకశాల లేకుండా సాగదు. అలాంటి ప్రదర్శన పల్లెకు వెళ్లలేదు. పల్లె దానిని పోషించలేదు. ప్రజల పేరు పెట్టుకొన్న కళకు ప్రేక్షకులు పెద్ద నగరాలలో టిక్కెట్టు కొనగలవారయ్యారు. రెండవ కారణం నిర్ణయాధికారం. ఏ ఇతివృత్తం ఎప్పుడు కావాలో రాజకీయావసరం చెప్పింది. సంభాషణలు జరగాలని నృత్యం కట్టిన కొద్దికాలానికే దేశరాజకీయం మరొక మలుపు తిరుగుతుంది. పత్రికా సంపాదకీయం రాత్రికి రాత్రి మార్చవచ్చు. ఇరవై శరీరాలు ఆరునెలలు సాధన చేసిన నృత్యాన్ని అలా మార్చడం కుదరదు. తమ పనిపై పైనుంచి వచ్చే ఆదేశాలు పెరుగుతున్నాయన్న అసంతృప్తి కళాకారుల్లో కలిగింది. రవిశంకర్ 1946లో వెళ్లిపోవడానికి అది కూడా ఒక కారణం.

మూడవ కారణం మనం తక్కువగా చర్చించింది. పార్టీ ఈ యువతీయువకులను కార్యకర్తలుగా చూసింది. కార్యకర్త త్యాగం చేస్తాడు. త్యాగం కొన్నేళ్లు సాగుతుంది. ఆ తర్వాత పెళ్లిళ్లు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు, రోగాలు వస్తాయి. నృత్యం వారికి జీవితకాలపు వృత్తి కావాలంటే ఏం చేయాలన్న ప్రశ్నను ఉద్యమం వేసుకోలేదు. మిల్లు కార్మికునికి బోనసు, కనీసవేతనం, ప్రమాద పరిహారం కోరిన మనం, మన రంగస్థలంమీద చెమటోడ్చిన కార్మికునికి చప్పట్లతో సరిపుచ్చాం.

మరొక లోటు కూడా చెప్పక తప్పదు. లంబాడీ నృత్యం బొంబాయి నాటకశాలకు వెళ్లింది. లంబాడీ స్త్రీకి అది ఉపాధి కాలేదు. చట్టంతో బతుకుతెరువు కోల్పోయిన వంశపారంపర్య నర్తకీమణులకు ఉద్యమం ప్రత్యేకమైన దారి వెయ్యలేదు. వేసి ఉంటే వారి విద్య, మన భావం ఒకదానికొకటి తోడై ఉండేవి. చదువుకొన్న మధ్యతరగతి గడప దాటిరావడం విప్లవమే. కాని ఆ గడపకు అవతల అప్పటికే నిలబడి ఉన్నవారిని అది చూడలేదు.

5

దళం చెదిరాక సభ్యులు తలో దారి పట్టారు. ప్రేమ్‌ధావన్ హిందీ చిత్రాలకు పాటలు రాశారు. దీనా గుజరాతీ రంగస్థలానికి, తర్వాత సినిమాకు వెళ్లారు. శాంతాగాంధీ నాటకవిద్యా బోధనలో పేరుపొందారు. శాంతిబర్ధన్ 1947లో నెహ్రూ గ్రంథం ఆధారంగా 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' నృత్యనాటకం కూర్చారు. దానికి సంగీతం రవిశంకర్. కాని అది సందర్భానికి సమకూడిన బృందమే, స్థిరమైన మేళం కాలేదు.

అప్పటికే శాంతిబర్ధన్‌ను క్షయ పట్టింది. రోగంనుంచి కొంత లేచి 1952లో ఆయన, గుల్‌బర్ధన్, కొందరు పాత సహచరులు కలిసి బొంబాయిలో లిటిల్ బాలే ట్రూప్ స్థాపించారు. పేరులోనే చిన్నది అన్న మాట ఉంది. అది వినయం కాదు, అనుభవం నేర్పిన లెక్క. వారి తొలి గొప్ప ప్రదర్శన రామాయణం. సంతలో కొయ్యబొమ్మలు రామాయణం ఆడుతున్నట్లు నర్తకులే బొమ్మలై కదులుతారు. ఆడంబరమైన దుస్తులు, తారలు, నాటకశాల యంత్రాలు అక్కరలేదు. కీళ్లు బిగించి విరిచే ఆ కదలికలో జానపదుని బొమ్మలాట, అల్మోరాలో నేర్చిన శరీర పరిశీలన, అంధేరీలో నేర్చిన సమష్టి క్రమశిక్షణ ఒకటైపోయాయి. ఇతివృత్తం పాతదే. అందులో నినాదం లేదు. అయినా ఏ నినాదమూ చెప్పలేని విషయం అది చెప్పింది. మహాకథను మోసేది సామాన్యుని చేతిలోని కొయ్యబొమ్మ.

రెండవ రూపకం 'పంచతంత్రం' పూర్తికాకముందే 1954లో శాంతిబర్ధన్ మరణించారు. ఆయనకు నలభై ఏళ్లైనా నిండలేదు. ఊపిరితిత్తుల రోగం నర్తకుని పట్టి చంపడం దైవసంకల్పం కాదు. సంవత్సరాల తరబడి చాలని తిండి, తెరిపిలేని శ్రమ, చికిత్సకు లేని డబ్బు: క్షయ ఎక్కడ పెరుగుతుందో కార్మికవాడలు తెలిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆశ్చర్యమేమంటే బృందం ఆయనతో పోలేదు. ఆయన మొదలుపెట్టిన పంచతంత్రాన్ని సహచరులు పూర్తిచేసి ఆడారు. అల్మోరాలో శిక్షణ పొందిన ప్రభాత్‌గంగూలీ తర్వాతి నృత్యరచన బాధ్యత తీసుకొన్నారు. గుల్‌బర్ధన్ నిర్వహణ భారం మోశారు. 1960లలో బృందం గ్వాలియరుకు, ఆ తర్వాత భోపాలుకు తరలింది. 2010లో గుల్‌బర్ధన్ మరణించేదాకా ఆమె దానిని విడవలేదు. అల్మోరా ఆరేళ్లు, అంధేరీ రెండేళ్లు. ఈ చిన్న బృందం ఆమె చేతిలోనే అర్ధశతాబ్ది దాటి బతికింది. కారణం, ఇక్కడ ఏ ఆట కట్టాలో నిర్ణయించింది ఆడేవారే. అయితే దీనికి ధర కూడా చెల్లించవలసి వచ్చింది. కార్మికవాడతో, కరువుతో ఉన్న సూటి సంబంధం సన్నగిల్లింది. పార్టీ స్థానంలో ప్రభుత్వ సహాయం వచ్చింది. గ్రాంటు కూడా దాత చెయ్యే. ఐతే అది ప్రజల పన్ను డబ్బు కనుక దానిని హక్కుగా అడగవచ్చు. దయకూ హక్కుకూ ఉన్న ఈ తేడాను కళాకారుల సంఘాలు ఎన్నడూ మరవరాదు.

6

ఇదే కాలంలో మన ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలి మరొక పద్ధతి అనుసరించింది. డాక్టర్ గరికపాటి రాజారావు వంటి నిర్వాహకులు, షేక్ నాజర్ వంటి కళాకారులు బుర్రకథను, వీధిభాగవతాన్ని, గొల్లసుద్దులను తిరిగి లేపారు. బుర్రకథకు ముగ్గురు చాలు. కథకుడు, ఇద్దరు వంతలు. ఒక తంబుర, రెండు డక్కీలు. రైతు ఇంట భోజనం, అరుగుమీద పడక, పెట్రోమాక్సు వెలుగు. ఈ ముగ్గురిని ఏ పల్లె అయినా పోషించగలదు. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకం ఎన్నో దళాల చేతుల్లో ఊరూరా తిరిగిందంటే కారణం ఇదే. కేంద్రదళం నగరంలో ఎదుర్కొన్న ఖర్చు సమస్యను మన దళాలు పల్లెలో పరిష్కరించాయి.

కాని జీవిక సమస్య ఇక్కడ కూడా పరిష్కారం కాలేదు. ఉద్యమం ఎత్తున ఉన్నంతకాలం రైతు అన్నం పెట్టాడు. 1948 తర్వాత నిర్బంధం వచ్చింది. దళాలు చెదిరాయి. అన్నం పెట్టిన రైతు ఇంటికే పోలీసులు వచ్చారు. ఎందరో కళాకారులు మద్రాసు సినిమారంగం చేరారు. రాజారావు స్వయంగా 1953లో 'పుట్టిల్లు' చిత్రం తీశారు. వారు ఆశయాన్ని వదలిపోయారని నిందించడం సులభం. ఆకలికి ఆశయం చాలనప్పుడు వారి ఎదుట ఇంకే దారి ఉంచామని అడగడం కష్టం.

ఇంకొకవైపు కూచిపూడి మేళం కూడా నగరానికి వచ్చింది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ స్థాపించి, స్త్రీ పురుషులు కలిసి ఆడే నృత్యనాటకాలు కట్టారు. కులం గోడ, స్త్రీ గోడ రెండూ బీటలువారాయి. ఇది చారిత్రకమైన ముందడుగు. ఐతే ఆ తర్వాతి దశాబ్దాలలో దేశమంతటా నాట్యానికి పెట్టుబడి పెట్టేవాడు మారిపోయాడు. పూర్వం ఊరు మేళానికి అన్నం పెట్టింది. నేడు నేర్చుకొనే పిల్ల తండ్రి నాట్యానికి అన్నం పెడుతున్నాడు. జీతం ఆయనదే, దుస్తులు, నగలు ఆయనవే, అరంగేట్రానికి మందిరం అద్దె, వాద్యగాండ్ర పారితోషికం ఆయనవే. తండ్రి భరించలేని ఇంటి పిల్లకు ప్రతిభ ఉన్నా అడుగు పడదు. కులం మూసిన తలుపును ఇప్పుడు ధనం మూస్తున్నది.

ఇట్టి స్థితిలో నేటికీ మన పట్టణాల్లో, విశ్వవిద్యాలయాల్లో యువనర్తకులు నలుగురైదుగురు కలిసి బృందాలు కట్టుకొంటున్నారు. ఒక గది అద్దెకు తీసుకొని సాధన చేస్తున్నారు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పి సాయంకాలం తమ నృత్యం తాము కట్టుకొంటున్నారు. ఇది చూసి ముచ్చటపడి ఊరుకోవడం చాలదు. వారు వేస్తున్న ప్రశ్న అల్మోరాలో, అంధేరీలో వేసిన ప్రశ్నే.

ఈ చరిత్రనుంచి తేలే విషయాలు మూడు. కలిసి ఆడే కళ కలిసి బతికే ఏర్పాటులోనుంచి పుడుతుంది. ఏర్పాటు సమానమైనదైతే కళలో సామాన్యుడు నాయకుడవుతాడు. రెండవది, అన్నం పెట్టే చెయ్యి ఒక్కటే అయితే, అది సంపన్నునిది కానీ, పార్టీది కానీ, ప్రభుత్వానిది కానీ, ఆ చెయ్యి ముడుచుకొన్ననాడు కళ మరణిస్తుంది. పల్లె, కార్మికసంఘం, పాఠశాల, ప్రజల పన్ను అన్నీ కలిసి మోసినప్పుడే అది నిలుస్తుంది. మూడవది, నర్తకుడు కార్మికుడు. సాధనకు కూలి, రోగానికి చికిత్స, వయసు మళ్లినప్పుడు పింఛను, ఏ ఆట కట్టాలో చెప్పే అధికారం: ఇవి అతని హక్కులు.

మన అధ్యాపక సంఘాలు, విద్యార్థి సంఘాలు సభలు జరుపుకొన్నప్పుడు ముగింపులో ఒక సాంస్కృతిక కార్యక్రమం పెడతాం. ఆడినవారికి దండ వేసి, ఫలహారం పెట్టి, వందన సమర్పణ చేసి పంపిస్తాం. ఉపన్యాసకునికి రైలు చార్జీ లెక్క కట్టిన ఖాతాలోనే ఆ నర్తకుల కూలి కూడా ఒక పద్దుగా రాయడం మొదలుపెడితే, శాంతిబర్ధన్ వంటివారికి మనం బాకీపడిన దానిలో మొదటి వాయిదా తీర్చినవారమవుతాం.